అలవాటైన కుక్క రాత్రిళ్లు గచ్చు తడుపుతోందా?

కుక్కపిల్లకు బయటికి వెళ్లి ఒకటికీ రెంటికీ కూర్చోవడం నేర్పడం ఒక ఎత్తు. ఏళ్ల తరబడి ఆ అలవాటు తప్పని కుక్క ఉన్నట్టుండి ఒక రాత్రి ఇంట్లోనే గచ్చు తడపడం మరో ఎత్తు. మొదటిది చిన్నతనం, ఓపిక పడతాం. రెండోదాన్ని మాత్రం పొగరనుకుంటాం. తెల్లవారుజామున చీకట్లో లేచి తడిలో కాలు పెట్టిన మనిషికి ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? చేతికందినది తీసుకుని కుక్క మీదికి వెళ్తాం. అది మంచం కింద దూరుతుంది. మర్నాడు రాత్రి మళ్లీ అదే కథ.

ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఒక్కటే. నేర్చిన అలవాటును కుక్క ఊరికే వదులుకోదు. దాని ఒంట్లోనో, మన వేళల్లోనో, ఇంటి చుట్టుపక్కలనో ఏదో మారింది. అదేమిటో కనిపెడితే చాలా ఇళ్లలో రెండు మూడు వారాల్లో గచ్చు మళ్లీ పొడిగా ఉంటుంది. కనిపెట్టకుండా కొడితే గచ్చూ ఆరదు, కుక్కా మిగలదు.

మగ్గాల ఇంట్లో కుక్క

సోలాపూర్ కుంఠా నాకా వంటి మన నేత పేటల సంగతి తెలిసినవారికి ఇది చిన్న విషయం కాదని వేరే చెప్పనక్కర్లేదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు వైపు నుంచి తాతముత్తాతల నాడు బతుకుతెరువు కోసం వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు మనవి. చాలా ఇళ్లలో కాపురం ఒకటి రెండు గదుల్లోనే. పక్కనో వెనకనో మరమగ్గాల షెడ్డు. గోడవారన నూలు బస్తాలు, కండెల పెట్టెలు, కట్టలు కట్టి దింపిన తువ్వాళ్లు. మరో మూల ఆడవాళ్లు బీడీలు చుట్టే చేటలు. అందరూ పడుకున్నాక ఆ సామానుకు కాపలా ఎవరంటే, వాకిట్లో పుట్టి ఇంట్లో పెరిగిన ఆ కుక్కే.

ఇలాంటి ఇంట్లో కుక్క రాత్రి దారి తప్పిందంటే తడిసేది గచ్చు ఒక్కటే కాదు. భౌగోళిక గుర్తింపు పొందిన సోలాపూర్ చాదర్లు, టెర్రీ తువ్వాళ్లు నేసే చేతులివి. నేసి పెట్టిన కట్టకు మరక అంటితే షావుకారు దాన్ని తీసుకోడు. ఆ కట్ట మీద పడ్డ శ్రమ గంగలో కలిసినట్టే. అందుకే మన పేటల్లో తెల్లవారుజామున ఇలాంటి మాటలు వినిపిస్తుంటాయి.

“అత్తమ్మా, టైగర్ మల్ల రాత్రి గచ్చంత ఖరాబు చేసింది. ఇగ దీన్ని ఉంచుకునుడు నాతోని కాదు.”

“గట్ల కొట్టకు బిడ్డా, మూగజీవి. నిన్న రాత్రి మావోడు దాన్ని బయటికి తీస్కపోయిండా?”

“యాడికెల్లి తీస్కపోతడు? ఈ వారం ఆయనది రాత్రిపాళి గద!”

అత్తమ్మ అడిగిన ఆ ఒక్క ప్రశ్నలోనే సగం వైద్యం ఉంది. మిగతా సగం చూద్దాం.

ఎక్కడ, ఎంత, ఎప్పుడు?

కోపం చల్లారాక ముందుగా చేయవలసింది గమనించడం. పిల్లల పాత నోటు పుస్తకంలో ఒక పేజీ దీనికి కేటాయించండి. కుక్క ఎక్కడ తడిపింది, ఎంత తడిపింది, ఎన్నింటికి, ఆ రోజు ఏం తిన్నది, చివరిసారి బయటికి ఎప్పుడు వెళ్లింది, ఈ అయిదూ వారం రోజులు రాయండి. తడి జాడే చాలా సంగతులు చెబుతుంది.

తలుపు దగ్గర పెద్ద మడుగు ఉంటే, అది బయటికి వెళ్దామని వచ్చి, ఎవరూ లేవక ఆపుకోలేకపోయిందన్నమాట. అలవాటు మరిచిపోలేదు, తలుపే తెరుచుకోలేదు.

పడుకున్న గోనె తడిసి, వెనక తొడలు తడిగా ఉంటే, నిద్రలో తెలియకుండా కారిపోయిందన్నమాట. ఆ సంగతి పాపం దానికే తెలియదు. దీనికి శిక్షణ పనికిరాదు, డాక్టరు కావాలి.

చుక్కలు చుక్కలుగా నాలుగైదు చోట్ల ఉంటే, పగలు కూడా మాటిమాటికీ కూర్చుంటుంటే, ఎర్రగా కనిపిస్తే, ఆ చోటును అదే పనిగా నాకుతుంటే, మూత్రాశయంలో చీమో రాయో ఉందేమో చూపించాలి.

మగ కుక్క మగ్గం కోడునో, కొత్తగా దించిన బస్తానో, గోడ మూలనో కాలెత్తి కొద్దిగా చల్లితే, అది గుర్తు పెట్టుకోవడం. ఇంటికి కొత్త మనిషో కొత్త సామానో వచ్చినప్పుడు, వీధిలో ఆడ కుక్క ఎదకు వచ్చినప్పుడు ఇది ఎక్కువవుతుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే చాలా కుక్కల్లో తగ్గుతుంది.

మనం గద్దించగానే ముడుచుకుని అక్కడికక్కడే తడిపేస్తే, అది భయం. “నీ ముందు నేను చిన్నదాన్ని” అని చెప్పుకునే కుక్కల పద్ధతి అది. గద్దింపు పెరిగేకొద్దీ తడి కూడా పెరుగుతుంది.

ఒంట్లో బాగుందా?

అలవాటున్న పెద్ద కుక్క హఠాత్తుగా మారిందంటే మొదట అనుమానించవలసింది ఒళ్లు. నీళ్లు ఎన్ని తాగుతున్నదో కొలవడం ఇంట్లో చేయగల తేలికైన పరీక్ష. పొద్దున ఒక లీటరు సీసాతో కొలిచి గిన్నె నింపండి. మర్నాటి పొద్దుటికి ఎంత మిగిలిందో చూడండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క మామూలు రోజుల్లో కిలో బరువుకు సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్లు తాగుతుంది. అంటే 10 కిలోల కుక్కకు అర లీటరు, కాస్త ఎక్కువ. మన ఎండాకాలంలో ఇంకొంచెం పెరుగుతుంది. కిలోకు 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే ఆ 10 కిలోల కుక్కే రోజుకు లీటరు పైన తాగుతుంటే, ఆలస్యం చేయకుండా చూపించాలి. మూత్రపిండాల జబ్బు, మధుమేహం, కుషింగ్స్ అనే గ్రంథుల జబ్బు, ఇవన్నీ ముందు దాహంగానే బయటపడతాయి. బాగా తింటూ కూడా చిక్కిపోతుంటే మధుమేహం కావచ్చు. పొట్ట జారి వెంట్రుకలు పలచబడుతుంటే కుషింగ్స్ కావచ్చు.

రెండు సందర్భాల్లో తెల్లవారేదాకా కూడా ఆగకూడదు. మగ కుక్క మాటిమాటికీ కాలెత్తి ముక్కుతున్నా చుక్క రాకపోతే, రాయి అడ్డుపడి ఉండవచ్చు. అది ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్ చేయించని ఆడ కుక్క ఎదకు వచ్చి వెళ్లిన నెలా రెండు నెలలకు నీరసపడి, తిండి మాని, నీళ్లు ఎక్కువ తాగుతూ, దుర్వాసనతో చీము కారుస్తుంటే, గర్భసంచిలో చీము పట్టినట్టు అనుమానించాలి. చీము బయటికి కారకుండా లోపలే ఉండిపోవడం ఇంకా ప్రమాదం.

ఆపరేషన్ అయిన ఆడ కుక్కల్లో కొన్నింటికి, కొన్ని నెలలకో కొన్నేళ్లకో, నిద్రలో మూత్రం కారే ఇబ్బంది వస్తుంది. హార్మోను తగ్గి మూత్రనాళపు బిగువు సడలడం దీనికి కారణం. దీనికి మంచి మందులున్నాయి, చాలా కుక్కలు వాటితో పూర్తిగా బాగుపడతాయి. ఈ ఒక్క భయంతో ఆపరేషన్ మానుకోనక్కర్లేదు.

వాడుతున్న మందుల వల్ల కూడా ఇలా కావచ్చు. దురదకు ఇచ్చే ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్లు, గుండెకు ఇచ్చే ఫ్యూరోసెమైడ్, మూర్ఛకు ఇచ్చే ఫినోబార్బిటాల్, ఇవన్నీ దాహాన్నో మూత్రాన్నో పెంచుతాయి. మనంతట మనం మాన్పించకూడదు. వేళ మార్చవచ్చేమో డాక్టరును అడగాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ నోటు పుస్తకం పేజీ, తాగిన నీళ్ల లెక్క, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన సీసాలో ఆ పొద్దుటి మూత్రం కొద్దిగా పట్టుకెళ్లండి. కాలెత్తే వేళకు ఒక పొడవాటి గరిటె చాపితే సరిపోతుంది. ఇంట్లో మనుషులకు వాడే నొప్పి మాత్రలు మాత్రం కుక్కకు ఎన్నడూ వేయకండి. ఇబుప్రొఫేన్ కుక్కల కడుపును, మూత్రపిండాలను పాడుచేస్తుంది.

బీడీలు చుట్టే ఇళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. తంబాకులోని నికోటిన్ కుక్కకు విషం. కిందపడ్డ పొడి తిన్న కుక్కకు నోట చొంగ, వాంతులు, విరేచనాలు, వణుకు వస్తాయి, మలమూత్రాలు ఆగవు. కొద్ది సేపట్లోనే ప్రాణం మీదికి రావచ్చు. రాత్రి పని కాగానే చేటలు, తంబాకు డబ్బాలు కుక్కకు అందని ఎత్తున పెట్టడం ఒక నియమంగా పెట్టుకోవాలి.

పాళీ మారింది, కుక్క మారలేదు

ఒళ్లు బాగుందని తేలాక చూడవలసింది మన వేళలు. అత్తమ్మ అడిగిన ప్రశ్న ఇక్కడికే వస్తుంది. కార్ఖానాలో పగటిపాళి ఉన్న వారం ఇంటాయన పదిన్నరకు భోంచేసి, బీడీ కాల్చుకుంటూ కుక్కను వీధి చివరిదాకా తిప్పుతాడు. రాత్రిపాళి వచ్చిన వారం ఆయన సాయంత్రమే పనికి పోతాడు. ఇంటివాళ్లు కుక్కకు అన్నం పెడతారు గానీ, బయటికి తీసుకెళ్లే పని ఎవరిదో ఎవరికీ తెలియదు. సాయంత్రం 6 గంటలకు చివరిసారి బయటికి వెళ్లిన కుక్క పొద్దున 6 దాకా, పన్నెండు గంటలు, ఎలా ఆగుతుంది?

ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క రాత్రి నిద్రలో సుమారు 8 గంటలు ఆగగలదు. చిన్న జాతి కుక్కలు, ముసలివి అంతసేపు ఆగలేవు. కుక్కపిల్లకు స్థూలంగా ఒక లెక్క ఉంది. ఎన్ని నెలల వయసైతే దానికి ఒకటి కలిపి అన్ని గంటలు. మూడు నెలల పిల్లకు 4 గంటలు, అంతే. 1994లో ‘హమ్ ఆప్ కే హై కౌన్’ సినిమాలో టఫీని చూశాక ఎన్నో ఇళ్లలోకి తెల్ల బొచ్చు ‘పామ్’ కుక్కలు వచ్చాయి. ఆ చిన్న కుక్కను పక్కింటి వేట కుక్కతో పోల్చి లాభం లేదు.

కాబట్టి కుక్కను చివరిసారి బయటికి తిప్పే పని ఫలానా మనిషిదని కాకుండా ఫలానా వేళదని పెట్టుకోవాలి. ఎవరి పాళీ ఏదైనా, రాత్రి 10.30 అంటే ఇంట్లో ఉన్న ఎవరో ఒకరు గొలుసు పట్టాలి. రాత్రిపాళి వారాల్లో ఈ బాధ్యత ఎవరిదో గోడ మీది క్యాలెండర్లోనే రాసి పెడితే గొడవే ఉండదు.

తిండి, నీళ్లు

మన ఇళ్లలో కుక్కకు తిండి అంటే అందరూ తిన్నాక మిగిలినది. అది రాత్రి పదకొండుకో, మరీ ఆలస్యంగానో పెడతాం. తిన్న తర్వాత పేగుల్లో కదలిక మొదలవుతుంది. అప్పటికి మనం తలుపు గడియ పెట్టి పడుకుని ఉంటాం. రాత్రి రెంటికి కూర్చునే కుక్కల్లో చాలావాటికి ఇదే కారణం. సాయంత్రం 6, 7 గంటల మధ్య తిండి పెట్టేస్తే, పడుకునే ముందు బయటికి తీసుకెళ్లినప్పుడు ఆ పని పూర్తవుతుంది.

ఏం పెడుతున్నామన్నది కూడా ముఖ్యమే. ఉప్పుచేప, పచ్చడి కలిసిన అన్నం, మన సోలాపూర్ శేంగా చట్నీ రాసిన జొన్న రొట్టె తిన్న కుక్క రాత్రంతా నీళ్లు తాగుతుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తానికి చెరుపు. కూర మిగిలిందని పెట్టకూడదు. పెద్ద కుక్కల్లో చాలావాటికి పాలు అరగవు. ప్రేమగా పోసిన గిన్నెడు పాలే అర్ధరాత్రి విరేచనమై రావచ్చు. ఉప్పూ కారం కలపని అన్నం లేదా జొన్న రొట్టె, పప్పు, ఉడికించిన గుడ్డో మాంసమో, ఇవి చాలు. నట్టల మందు ఎప్పుడు వేశారో కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇక నీళ్లు. రాత్రి గిన్నె తీసేస్తే తడపదు కదా అని చాలామంది అనుకుంటారు. అలా చేయవద్దు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊరు మనది. రేకుల కప్పు కింద రాత్రి కూడా సెగ తగ్గదు. జబ్బు వల్ల ఎక్కువ తాగే కుక్కకు నీళ్లు బంద్ చేస్తే ప్రాణాపాయం. నల్లా నీళ్ల కోసం రోజుల తరబడి ఎదురుచూసిన ఊరి వాళ్లం మనం, దాహమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? పగలంతా గిన్నె నిండుగా ఉంచండి. అప్పుడు రాత్రి పడుకోబోయే ముందు ఒక్కసారిగా గటగటా తాగే అవసరం దానికి ఉండదు.

బయటికి వెళ్లినా పని కానివ్వదేం?

“తీసుకెళ్లాం, అరగంట తిప్పాం, ఊరికే వచ్చింది. ఇంట్లోకి రాగానే కూర్చుంది!” ఈ ఫిర్యాదు అబద్ధం కాదు. రాత్రిళ్లు మన గల్లీలు వీధి కుక్కల మందలవి. ఆ వేళ మన కుక్క ప్రాణం చెవుల్లో పెట్టుకుని నడుస్తుంది. నడుం వంచి కూర్చోవడమంటే శత్రువు ముందు ఆయుధం కింద పెట్టడం. ఇంటికి చేరాక గానీ దానికి ధైర్యం రాదు, వచ్చాక ఆపుకోలేదు. వీధి చివరకు కాకుండా ఇంటి పక్క సందులోనో, వాకిలి మూలనో, డాబా మీద ఇసుక పోసిన తట్ట దగ్గరో ఒక చోటు చూపిస్తే మేలు.

పండుగలూ ఇంతే. దీపావళి టపాకాయలు, గణపతి ఊరేగింపుల డప్పులు, సంక్రాంతి వేళ సిద్ధేశ్వర జాతరలో హోమ్ మైదానంలో కాల్చే బాణసంచా మనకు ఆనందం, కుక్కకు ప్రళయం. ఆ రోజుల్లో వెలుతురు ఉండగానే దాన్ని బయటికి తిప్పి తెచ్చేయాలి. రాత్రి ఇంటి మధ్య గదిలో, మనుషుల పక్కన పడుకోనివ్వాలి. ఆ రెండు మూడు రాత్రుల తడిని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇల్లు మారడం మరో పెద్ద మార్పు. 2006లో కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ వసాహత్‌లో బీడీ కార్మిక మహిళలకు 10,000 ఇళ్లు అందాయి. 2024 జనవరిలో రేనగర్‌లో మొదటి విడతగా 15,000 ఇళ్లు కార్మికులకు దక్కాయి. పాత పేటల అద్దె గదుల నుంచి సొంత ఇంటికి వెళ్లడం మనకు తరాల కల. కుక్కకు మాత్రం తలుపు ఏ వైపు ఉందో తెలియదు, గచ్చు వాసన కొత్త, బయట మట్టి వాసన కొత్త. పాత ఇంట్లో ఎంత బుద్ధిగా ఉన్నా, కొత్త ఇంట్లో మొదటి రెండు వారాలు అది కుక్కపిల్లే అనుకుని మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. భివండీకో సూరత్‌కో మారిన కుటుంబాలకూ ఇదే మాట.

రెండు మూడు వారాల పద్ధతి

డాక్టరు పరవాలేదన్నాక ఈ వరుసలో మొదలుపెట్టండి.

1. సాయంత్రం 7 లోపల తిండి. తిన్న అరగంటకు ఒకసారి బయటికి.

2. పడుకునే ముందు, అంటే 10.30 ప్రాంతంలో, గొలుసు కట్టి ప్రతి రాత్రీ అదే చోటికి తీసుకెళ్లాలి. ఆటలు వద్దు, కబుర్లు వద్దు. ఒకే మాట, “సూ పో” అనో మరొకటో, ఒక్కసారి మెల్లగా అనాలి. పది నిమిషాలు ఓపికగా నిలబడాలి.

3. పని కాగానే, అక్కడే, ఆ క్షణంలోనే మెచ్చుకోవాలి. చిన్న రొట్టె ముక్క జేబులో ఉండాలి. ఇంటికి వచ్చాక ఇస్తే, ఇంటికి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. గంట మోగగానే కుక్క నోట నీరూరడాన్ని రష్యాలో పావ్‌లోవ్ గమనించి వందేళ్లు దాటింది. గంటకూ తిండికీ మధ్య ఎడం ఎంత తక్కువైతే పాఠం అంత గట్టిగా పడుతుంది.

4. నోటు పుస్తకంలో 3 గంటలకు తడుపుతున్నట్టు తేలితే, 2.30కి అలారం పెట్టండి. దీపం పెద్దగా వేయకుండా, మాట్లాడకుండా బయటికి తీసుకెళ్లి తెచ్చి పడుకోబెట్టండి. నాలుగైదు రాత్రులు గచ్చు పొడిగా ఉంటే అలారం 15 నిమిషాలు వెనక్కి జరపండి. మళ్లీ పొడిగా ఉంటే మరో 15. అలా జరుపుతూ పోతే చివరికి మీరు లేచే వేళకు కలుస్తుంది. మధ్యలో ఒక రాత్రి తప్పితే నిరాశ పడవద్దు, ఒక మెట్టు వెనక్కి వేసి మళ్లీ ఎక్కండి.

5. పడక మీ దగ్గరే ఉండాలి. కుక్క తాను పడుకునే చోటును సాధారణంగా పాడుచేయదు. నూలు బస్తాల గదిలోకి రాత్రి దారి మూసేసి, మీ మంచం పక్కన పాత తువ్వాళ్లు మడిచి పరుపు వేయండి. అది లేచి కదిలితే మీకు మెలకువ రావాలి. మెడకు చిన్న గంట కడితే మరీ మంచిది.

శాబాద్ బండ చెప్పే సంగతి

తడి తుడిచాం కదా అనుకుంటాం. మన ముక్కుకు పోయిన వాసన కుక్క ముక్కుకు పోదు. వాసన మిగిలిన చోటును అది తన మరుగుదొడ్డి అనుకుంటుంది. మన పాత ఇళ్లలో పరిచిన శాబాద్ బండకు నీటిని పీల్చుకునే గుణం ఉంది. బండల సందుల్లోకి దిగిన మూత్రం వారం తర్వాత కూడా వాసన వేస్తుంది.

ముందు పాత గుడ్డతో అద్ది తీయాలి, రుద్దకూడదు. తర్వాత నీళ్లు పోసి మళ్లీ అద్దాలి. ఆ పైన ఎంజైములున్న బట్టల సబ్బు పొడి గోరువెచ్చని నీళ్లలో కలిపి పోసి, పావుగంట నాననిచ్చి కడగాలి. పెంపుడు జంతువుల దుకాణాల్లో ఇందుకోసమే అమ్మే ఎంజైము ద్రావణాలు దొరికితే ఇంకా మంచిది. సిరకా, నిమ్మరసం మంచివని పుస్తకాల్లో రాస్తారు. పింగాణీ పలకలకైతే సరే. శాబాద్ బండ సున్నపురాయి, పులుపు దాన్ని తినేస్తుంది. మెరుపు పోయి గరుకైన బండ ఇంకా ఎక్కువ పీలుస్తుంది. ఫినాయిల్ పోసి వదిలేయడం అలవాటు గానీ, కుక్క ఆ తడిలో నడిచి కాళ్లు నాకితే దానికి హాని. అమ్మోనియా ఉన్న ద్రావణాలకు మూత్రం వాసనే ఉంటుంది, అవి అసలు వద్దు.

ఈ తడిని పిల్లల చేత తుడిపించవద్దు. ఎలుకజ్వరం అని మనం పిలిచే లెప్టోస్పైరోసిస్ కుక్క మూత్రం ద్వారా కూడా మనుషులకు సోకుతుంది. చేతికి తొడుగు, కాలికి చెప్పులు వేసుకుని తుడిచి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. కుక్కకు పిచ్చికుక్క వ్యాధి టీకాతో పాటు దీని టీకా సంగతి కూడా అడగండి.

కొడితే ఏం నేర్చుకుంటుంది?

తడిలో ముక్కు రాయించడం మన దగ్గర పాత పద్ధతి. మూడు గంటల కిందట చేసినదానికి ఇప్పుడు తగిలే దెబ్బకూ ఉన్న సంబంధం కుక్కకు తెలియదు. “తప్పు చేసినట్టు దానికి తెలుసండీ, మొహం చూడండి!” అంటారు. అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ఈ సంగతే పరీక్షించి ప్రచురించారు. ఆ తప్పు మొహం కుక్క తప్పు చేసిందా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు. యజమాని తిట్టాడా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది. ఏ తప్పూ చేయని కుక్కలు కూడా తిట్లు తిని అదే మొహం పెట్టాయి.

కొట్టిన కుక్క నేర్చుకునేది ఒక్కటే, మనిషి కంట పడకుండా చేయాలని. రేపటి నుంచి అది మంచం కింద, మగ్గం వెనక, తువ్వాళ్ల కట్టల మధ్య చేస్తుంది. గొలుసు పట్టుకుని మనం పక్కన నిలబడితే బయట కూడా చేయదు. మన చేతులారా మనమే రోగం ముదరబెట్టినట్టవుతుంది. చేస్తుండగా కంటపడితే ఒక్క చప్పట్లు చరిచి బయటికి తీసుకెళ్లండి. తర్వాత చూస్తే మౌనంగా తుడిచేయండి.

ముసలి కుక్క మాట

పదేళ్లు దాటిన కుక్క సంగతి వేరు. కీళ్ల నొప్పులతో లేవలేక పడక తడుపుతుంది. చూపు, వినికిడి తగ్గి చీకట్లో తలుపు వెతుక్కుంటుంది. కొన్నింటికి మతిమరుపు వస్తుంది. పగలు నిద్ర, రాత్రి తిరుగుడు, గోడ వైపు తిరిగి ఊరికే నిలబడటం, ఇవి దాని గుర్తులు. నొప్పులకు మందులున్నాయి, మతిమరుపును కొంత నెమ్మదింపజేయవచ్చు. రాత్రి చిన్న దీపం, జారకుండా గోనె పట్టా, నాలుగైదు గంటలకొకసారి బయటికి తిప్పడం, పడక కింద ప్లాస్టిక్ గుడ్డ, పైన రోజూ ఉతికే తువ్వాలు. ఇది నయం చేయడం కాదు, సేవ చేయడం.

మన పేటల్లో చెప్పుకోవడానికి బాధగా ఉన్నా చెప్పుకోవలసిన మాట ఒకటుంది. ఇలా తడపడం మొదలుపెట్టిన కుక్కను ఆటోలోనో బండి మీదనో తీసుకెళ్లి ఊరి బయట వదిలివచ్చేవారున్నారు. ఇంట్లో పెరిగిన కుక్కకు వీధి మంద చోటివ్వదు. లారీల రోడ్డు దానికి తెలియదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం, తగిన కారణం లేకుండా జంతువును ఆకలికీ దాహానికీ గురయ్యేలా వదిలేయడం నేరం కూడా. చట్టం సంగతి అటుంచండి. కొమురవెల్లి మల్లన్నకూ, ఇక్కడ మనం దండం పెట్టే బాళే ఖండోబాకూ కుక్క తోడు. స్వర్గద్వారం దగ్గర కూడా వెంట వచ్చిన కుక్కను వదలనన్న ధర్మరాజు కథ చెప్పుకుంటూ పిల్లల్ని పెంచే వాళ్లం మనం.

పదేళ్లు మన నూలు బస్తాలకు కాపలా కాసిన ప్రాణి ఒక రాత్రి గచ్చు తడిపిందంటే, నోరు లేక ఆ రూపంగా ఏదో చెప్పిందని అనుకుందాం. కర్ర అందుకునే ముందు అత్తమ్మ అడిగిన ప్రశ్న అడుగుదాం. నిన్న రాత్రి దీన్ని ఎవరైనా బయటికి తీసుకెళ్లారా? తీసుకెళ్లారంటే పొద్దున్నే నీళ్ల గిన్నె కొలుద్దాం, డాక్టరుకు చూపిద్దాం. తీసుకెళ్లలేదంటే ఈ రాత్రి పదిన్నరకు గొలుసు ఎవరు పడతారో ఇప్పుడే అనుకుందాం.